ముందు గోడ, తర్వాతే గ్యాంగ్

(విశాఖపట్నం ద్వారకానగర్ పౌరగ్రంథాలయం హాల్లో డాక్యుమెంటరీ ప్రదర్శన తర్వాత ఒక న్యాయవాది చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగా ఉన్నాయి. ముందు కూర్చుంటే ప్రశ్నలడుగుతానని భయపడకండి. మైకు వినిపిస్తోందా? సరే.

సినిమా అవగానే మీకు చీటీలిచ్చి ఏమనిపించిందో రాయమన్నారు కదా, మీరు టీ తాగుతున్నంతసేపూ నేను అవి చదువుతూ కూర్చున్నాను. పేర్లు బయటపెట్టను. నిజానికి నేను వేరే ఉపన్యాసం రాసుకొచ్చాను. చీటీలు చూశాక ఆ కాయితాలు సంచిలో పెట్టేశాను. మీరింత శ్రద్ధగా రాస్తే నా పాటికి నేను అమెరికా చరిత్ర చదివేసి దిగిపోవడం ఏం బాగుంటుంది చెప్పండి?

ఆలస్యంగా వచ్చినవాళ్ల కోసం ఒక ముక్క. మనం చూసింది ‘క్రిప్స్ అండ్ బ్లడ్స్: మేడ్ ఇన్ అమెరికా’, 2008లో వచ్చిన డాక్యుమెంటరీ. క్రిప్స్, బ్లడ్స్ అంటే లాస్ ఏంజెలెస్‌లో ఒకరంటే ఒకరికి పడని నల్ల కుర్రాళ్ల ముఠాలు, గ్యాంగులు. తీసినాయన స్టేసీ పెరాల్టా. కుర్రతనంలో పేరున్న స్కేట్‌బోర్డ్ ఆటగాడు, తెల్లాయన, అదే లాస్ ఏంజెలెస్‌లో సముద్రం పక్కన పెరిగాడు. అక్కణ్ణుంచి కారెక్కితే కాసేపట్లో వచ్చే పేటల్లో వేలమంది కుర్రాళ్లు ఒకర్నొకరు కాల్చుకుని చచ్చిపోయారు. ఎందుకిలా జరిగింది అన్నదే సినిమా.

ఇప్పుడు మీ చీటీలు. ఎక్కువమంది రాసింది ఒకటే మాట, రకరకాలుగా. ఒకటి చదువుతాను. "సినిమా బాగా తీశారు. కానీ తప్పంతా ప్రభుత్వం మీద, తెల్లవాళ్ల మీద తోసేశారు. తుపాకీ పట్టింది వీళ్లు కాదా?" ఇంకొకాయన ఇంకా ఘాటుగా రాశారు, "హంతకులకు ఫ్లాష్‌బ్యాక్ పెడితే హీరోలైపోతారా?" అని. ఈ చీటీ నాకు భలే నచ్చింది. మన తెలుగు సినిమా చూడండి, హీరోకి ఫ్లాష్‌బ్యాక్ ఉంటుంది. నరికినా చంపినా ఇంటర్వెల్ తర్వాత ఇరవై నిమిషాలు ఎందుకు నరికాడో చెప్తారు, మనం కళ్లు తుడుచుకుంటాం. వాడి చేతిలో చచ్చే యాభైమందికీ ఫ్లాష్‌బ్యాక్ ఉండదు. వాళ్లెక్కణ్ణుంచి వచ్చారో, సుమో దిగకముందు ఏం పని చేసేవాళ్లో ఎవరూ అడగరు. ఈ సినిమా ఆ యాభైమంది ఫ్లాష్‌బ్యాక్ అన్నమాట. అలవాటు లేదు కాబట్టి మనకి కాస్త ఇబ్బందిగా ఉంటుంది.

సరే, ప్రశ్నకి వద్దాం. తుపాకీ పట్టింది వీళ్లే. ఎవరూ కాదనట్లేదు, సినిమా కూడా కాదనలేదు. మరి నలభై యాభై ఏళ్ల చరిత్ర ఎందుకు చెప్పుకొచ్చింది? వరస చూపించడానికి. ఏది ముందు, ఏది తర్వాత. ఇది మీరు కాస్త మనసుపెట్టి వినాలి, ఎందుకంటే చీటీల్లో చాలావరకు వరస తిరగబడిపోయింది. ముందు గ్యాంగులొచ్చాయి, అందుకని పోలీసులు గట్టిగా ఉన్నారు, అందుకని ఫ్యాక్టరీలు పోయాయి, పేట పాడైపోయింది. ఇలా రాశారు మీరు. జరిగింది ఇలా కాదు. ముందు ఆ పేటల చుట్టూ వివక్ష గోడ లేచింది, గ్యాంగులు ఆ తర్వాతే.

1941 జూన్‌లో మొదలుపెడదాం. ఆ నెలలో మన ఊళ్లో ఏం జరిగిందో పెద్దవాళ్లెవరికైనా గుర్తుందా? పుట్టుండరులెండి. సింధియా కంపెనీ షిప్‌యార్డుకి రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. సరిగ్గా అదే నెలలో అక్కడ అమెరికాలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఒక ఆర్డరిచ్చాడు, యుద్ధ సామగ్రి తయారుచేసే ఫ్యాక్టరీల్లో రంగు చూసి ఉద్యోగం లేదనకూడదని. దాంతో లూసియానా నుంచి, టెక్సాస్ నుంచి నల్లవాళ్లు రైళ్లెక్కి లాస్ ఏంజెలెస్ వచ్చారు, ఓడలు కట్టడానికి, విమానాలు చెయ్యడానికి. మన సింధియాకి శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి మూటలు సర్దుకుని రాలేదూ జనం? ఈ హాల్లో సగంమంది తాతలు అలా వచ్చినవాళ్లే అయ్యుంటారు. 1940లో ఆ నగరంలో నల్లవాళ్లు 64 వేలు, 1970కల్లా 5 లక్షలు దాటారు.

ఉద్యోగం ఇచ్చారు సరే, ఇల్లు? ఇళ్ల దస్తావేజుల్లోనే రాసుకునేవాళ్లు, ఈ ఆస్తి నల్లవాళ్లకి అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అని. రిజిస్టర్ అయిన కాయితం! లాయర్ని కాబట్టి ఈ ముక్క నాకు ఇంకా గట్టిగా తగిలింది. కోర్టులు ఇలాంటి షరతులు అమలు చెయ్యకూడదని 1948లో సుప్రీంకోర్టు చెప్పింది. చెబితే ఆగిపోయిందా? కాలిఫోర్నియా ప్రభుత్వం 1963లో ఇళ్ల విషయంలో వివక్ష కూడదని చట్టం చేస్తే, మరుసటేడాది జనమే ఓటింగ్ పెట్టి, నూటికి 65 మంది దాకా ఓట్లేసి ఆ చట్టాన్ని కొట్టేశారు. ప్రజాస్వామ్యబద్ధంగా, బ్యాలెట్ పెట్టెలో. తర్వాత ఆ ఓటింగు చెల్లదని మళ్లీ కోర్టులే అన్నాయనుకోండి. నవ్వుతున్నారెందుకమ్మా? మన ఊళ్లో టులెట్ బోర్డు కింద ఏం రాస్తారో గుర్తొచ్చిందా? "ఓన్లీ వెజిటేరియన్" అంటే కూరగాయల గురించి కాదని అందరికీ తెలుసు.

అక్కడ అలమీడా అని ఒక వీధి ఉంది. దానికి ఇటు నల్లవాళ్లు, అటు తెల్లవాళ్లు. అటు అడుగుపెడితే తెల్ల కుర్రాళ్ల ముఠాలు కొట్టేవి. మళ్లీ చెప్తాను, తెల్ల కుర్రాళ్ల ముఠాలు. నలభైల్లో, యాభైల్లో. ఆ నల్ల పిల్లల మొదటి గుంపులు కట్టింది చాలావరకు ఆ దెబ్బలు కాచుకోవడానికే. సినిమాలో ఆ పెద్దవాళ్లు చెప్పారు చూడండి, బాయ్ స్కౌట్స్‌లో చేరదామని వెళ్తే రానివ్వలేదట. మరి పిల్లలు ఊరుకుంటారా? సొంతంగా క్లబ్బు పెట్టుకున్నారు, పేటకో పేరు. ఎవరిదో చీటీ, "ఇది మరీ సాకు, స్కౌట్స్‌లో చేర్చుకోకపోతే గ్యాంగు కడతారా" అని. కాదు సార్. స్కౌట్స్ ఒక్కటే అయితే సాకే. స్కూలు, ఇల్లు, స్విమ్మింగ్ పూలు, పార్కు, అలమీడా అవతల ఫ్యాక్టరీ, ఒక్కొక్కటీ మూసుకుంటూ వస్తే, అందులో స్కౌట్స్ ఒకటి. ఆ ముసలాయనకి ఇన్నేళ్ల తర్వాత కూడా అదే గుర్తుంది, ఎందుకంటే అప్పుడాయన చిన్నపిల్లాడు.

1965 ఆగస్టులో వాట్స్ పేటలో ఒక నల్ల కుర్రాణ్ణి తాగి కారు నడిపాడని పోలీసులు ఆపారు. అక్కడ గొడవ మొదలై ఆరు రోజులు ఊరు తగలబడింది. 34 మంది పోయారు. అప్పటి పోలీస్ చీఫ్ పార్కర్ ఏమన్నాడంటే, ఒకడు రాయి విసిరితే మిగతావాళ్లు జూలో కోతుల్లా విసిరారట. అన్నది నగరం మొత్తానికి పోలీసు పెద్ద. ఇంక కిందవాళ్ల సంగతి నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీ చీటీల్లో ఒక్కటంటే ఒక్కదాంట్లో కూడా లేని విషయం చెప్తాను. నా లెక్కలో సినిమా మొత్తానికి గుండెకాయ లాంటి భాగం అదే, మీరందరూ దాన్ని దాటేశారు. బహుశా సబ్‌టైటిల్స్ స్పీడుగా పోయాయి. వాట్స్ తర్వాత నాలుగైదేళ్లు గ్యాంగులు తగ్గాయి. పెరగలేదు, తగ్గాయి! ఎందుకు? ఆ కుర్రాళ్లే రాజకీయాల్లోకి వెళ్లిపోయారు. స్లాసన్స్ అనే పెద్ద క్లబ్బుకి నాయకుడు బంచీ కార్టర్, జైలుకి వెళ్లొచ్చినవాడు, 1968లో లాస్ ఏంజెలెస్‌లో బ్లాక్ పాంథర్ పార్టీ శాఖ పెట్టాడు, నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన పార్టీ అది. పాంథర్లంటే తుపాకులే గుర్తొస్తాయి మనకి, పొద్దున్నే బడి పిల్లలకి టిఫిన్ పెట్టిన పార్టీ కూడా అదే. 1969 జనవరిలో యూనివర్సిటీ క్యాంపస్‌లో, కార్టర్నీ, హగ్గిన్స్ అనే ఇంకో నాయకుణ్ణీ వేరే నల్లజాతి సంస్థవాళ్లు కాల్చి చంపారు. ఆ రెండు సంస్థల మధ్య ఎఫ్‌బీఐ, అంటే అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ, ఎలా తంపులు పెట్టిందో, దొంగ కార్టూన్లూ ఉత్తరాలూ ఎలా పంపిందో తర్వాత అమెరికన్ సెనేట్ కమిటీయే తవ్వి బయటపెట్టింది, 1976 నివేదికలో ఉంది. ఇది ఎవరో వామపక్షాలవాళ్లు చెప్పేది కాదు మాస్టారూ, మీరు అనుమానంగా చూస్తున్నారు కాబట్టి చెప్తున్నాను. ఆ 1969లోనే డిసెంబరులో పాంథర్ల ఆఫీసు మీద పోలీసులు దాడిచేసి గంటల తరబడి కాల్పులు జరిపారు.

పెద్దన్నలు చచ్చిపోయారు, జైలుకెళ్లారు, పారిపోయారు. వీధిలో మిగిలింది ఎవరు? తమ్ముళ్లు. అదే 1969లో రేమండ్ వాషింగ్టన్ అని పదిహేను పదహారేళ్ల కుర్రాడు ఒక ముఠా కట్టాడు. క్రిప్స్. వాళ్ల ధాటికి తట్టుకోలేక మిగతా చిన్న ముఠాలు 1972లో ఒకటయ్యాయి, బ్లడ్స్. నీలం, ఎరుపు. పాంథర్ల దర్పం చూశారు, లెదర్ కోట్లు చూశారు. పొద్దున్నే టిఫిన్ ఎందుకు పెట్టాలో చెప్పేవాడు లేడు.

ఆ తర్వాత ఫ్యాక్టరీలు. గుడ్‌ఇయర్ 1979, ఫైర్‌స్టోన్ 1980, జనరల్ మోటార్స్ సౌత్ గేట్ ప్లాంటు 1982. వరసపెట్టి మూతలు. చిట్టివలస జూట్ మిల్లు మూతపడ్డాక భీమిలి వైపు ఏమైందో మీకు తెలుసు. ఇక్కడ స్టీల్‌ప్లాంట్ ఉద్యోగులున్నారు, ప్రైవేటీకరణ మాట 2021లో వచ్చిన దగ్గర్నుంచి మీ ఇళ్లల్లో టెన్షన్ ఎలా ఉందో మీకు తెలుసు. నేను పోలిక తేవట్లేదు, అంత తొందరపడను. ఫ్యాక్టరీ పోతే జీతం ఒక్కటే పోదు, చదువు అబ్బని కొడుకుని పట్టుకెళ్లి "వీణ్ణి ఎక్కడైనా పెట్టండి సార్" అని అడగటానికి తండ్రికి ఒక గేటు ఉంటుందే, ఆ గేటు పోతుంది.

తండ్రి అన్నాను కదా, రెండో రకం చీటీలు దాని మీదే. "తండ్రులేరీ? తల్లులే కనిపించారు. తండ్రి లేని పెంపకమే అసలు కారణం." చాలామంది రాశారు, ముఖ్యంగా టీచర్లు. మంచి ప్రశ్నే. తండ్రులు ఎక్కడున్నారో చెప్తాను. 1986లో అమెరికాలో డ్రగ్స్ చట్టం వచ్చింది. పొడి కొకైన్ 500 గ్రాములతో దొరికితే కనీసం అయిదేళ్లు. అదే కొకైన్‌ని ఉడకబెట్టి ముక్కలు చేస్తే క్రాక్ అంటారు, అది 5 గ్రాములకే అయిదేళ్లు. ఒక చెంచాడు పంచదార బరువు. పొడి ఎక్కువగా ఎవరి దగ్గర దొరికేది, క్రాక్ ఎవరి పేటల్లో దొరికేది, మీరే ఊహించుకోండి. ఒకటికి వంద, ఈ నిష్పత్తిని తగ్గించడానికి 2010 దాకా పట్టింది, తగ్గించాక కూడా ఒకటికి 18. ఆ మధ్యలో పుట్టిన పిల్లాడికి తండ్రి ఎక్కడుంటాడండీ?

అలాగని సినిమాని నెత్తిన పెట్టుకోమనట్లేదు నేను. ఒక అమ్మాయి రాసింది, బహుశా స్టూడెంట్ అయ్యుంటుంది, "ఆడవాళ్లు ఇందులో ఏడవడానికే ఉన్నారా?" అని. శభాష్. కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లుల్ని వరసగా కెమెరా ముందు నిలబెట్టిన సీను దగ్గర హాలంతా ఏడ్చింది, నాకూ గొంతు పట్టేసింది. కానీ ఆ తల్లులు పొద్దున్నే ఏ పనికి వెళ్తున్నారు, ఆ పేటని ఇన్నేళ్లు ఎవరు నడుపుకొచ్చారు? సినిమా అడగలేదు. మెక్సికన్ కుర్రాళ్ల ముఠాలు వీళ్లకన్నా పాతవి, వాళ్ల కథ దాదాపు లేదు.

అన్నిటికన్నా గట్టి చీటీ ఇంకోటి. నాలుగే మాటలు. "పక్కింటి కుర్రాడు ఎందుకు చేరలేదు?" ఎవరు రాశారో గానీ, దీనికి సినిమా దగ్గర జవాబు లేదు. అదే వీధి, అదే పోలీసు, అదే మూతపడ్డ ఫ్యాక్టరీ, అయినా అక్కడ పెరిగిన పిల్లల్లో ఎక్కువమంది ఏ గ్యాంగులోనూ చేరలేదు. బస్సు నడిపారు, ఆస్పత్రిలో పనిచేశారు. గోడ అందరికీ ఒకటే అయినప్పుడు కొందరే ఎందుకు కత్తి పట్టారు అంటే, నా దగ్గరా పెద్ద సిద్ధాంతం లేదు. నా కేసుల్లో చూసిందైతే చెప్పగలను. మొదటిసారి పోలీసు పట్టుకున్నప్పుడు స్టేషన్‌కి ఎవరు వచ్చారు? పెదనాన్నో, మేస్త్రీయో, స్కూల్లో పీఈటీ సారో వచ్చిన కుర్రాడు చాలావరకు బయటపడ్డాడు. ఎవరూ రానివాడి కోసం ఇంకెవరో వస్తారు. వచ్చినవాడు బెయిల్ కడతాడు, బిర్యానీ పెట్టిస్తాడు, ఆర్నెల్ల తర్వాత పని చెప్తాడు.

ఇక "ఇది అమెరికా గొడవ, మనకెందుకు" అని రాసినవాళ్లున్నారు. వాళ్ల కోసం ఒక కాయితం గురించి చెప్పి ముగిస్తాను. రౌడీషీట్. పోలీస్ స్టాండింగ్ ఆర్డర్స్‌లో, అంటే పోలీసు శాఖ నియమాల్లో, 601. కోర్టు ఇచ్చే శిక్ష కాదది, రౌడీ అనుకున్నవాడి మీద నిఘా పెట్టడానికి స్టేషన్లో తెరిచే రికార్డు. ఒకావిడ, కొబ్బరికాయలు అమ్ముకునే ఆవిడ, నా ఆఫీసుకొచ్చి అడిగింది, "మా గుంటడి మీద షీటు తెరిసేరంట, షీటంటే ఏటి బాబూ, కోర్టు కాయితమా?" అని. కాదమ్మా, స్టేషన్ కాయితం అన్నాను. "మరి కోర్టు కొట్టేసింది కదా బాబూ" అంది. అవును, కుర్రాడి మీద కాలేజీ రోజుల కొట్లాట కేసులు రెండు, రెండూ లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయాయి. షీటు మాత్రం ఉంది.

ఆ కుర్రాడు ఫుడ్ డెలివరీ చేసేవాడు. ఆదివారం పొద్దున్న టిఫిన్ల టైము, ఆర్డర్లు బాగా వచ్చేది అప్పుడే, సరిగ్గా అప్పుడే స్టేషన్లో కౌన్సెలింగ్. వరండాలో కింద కూర్చోబెట్టేవాళ్లు, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని, ఫోను సైలెంట్లో పెట్టి కూర్చునేవాడు, ఫోనేమో జేబులో వణుకుతూనే ఉండేది. వెళ్లకపోతే కానిస్టేబుల్ ఇంటికొస్తాడు, ఇంటికొస్తే ఇంటి ఓనరు ఖాళీ చెయ్యమంటాడు. సరే, నిఘా కావాలి, నిజమైన రౌడీలున్నారు, వాళ్ల చేతుల్లో దెబ్బలు తిన్నవాళ్ల తరఫునా నేను వాదించాను. కానీ ఆ వరండాలో ఆ కుర్రాడి పక్కన కూర్చున్నది ఎవరనుకున్నారు? అప్పటిదాకా పేపర్లో చూసిన పేర్లు. పరిచయం చేసింది ఎవరు?

అక్కడా ఇదే. కాలిఫోర్నియాలో క్యాల్‌గ్యాంగ్ అని పోలీసుల డేటాబేస్ ఉంది, గ్యాంగు సభ్యులనుకున్నవాళ్ల పేర్లు ఎక్కిస్తారు. 2016లో రాష్ట్ర ఆడిటర్ తనిఖీ చేస్తే, ఎక్కించేనాటికి ఏడాది కూడా నిండని పసిపిల్లలు 42 మంది తేలారు. అందులో 28 మంది "నేను గ్యాంగు సభ్యుణ్ణే" అని స్వయంగా ఒప్పుకున్నారని రాసుంది. ఒప్పుకున్నారట! నెలల పిల్లలు!

ఒక మంచి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇళ్లకెళ్లి అన్నం తినరు మీరు. 1992 ఏప్రిల్‌లో, రోడ్నీ కింగ్ అనే నల్లాయన్ని కొట్టిన పోలీసులు నిర్దోషులన్న తీర్పుకి ఊరు మళ్లీ తగలబడటానికి కాస్త ముందే, వాట్స్‌లోని క్రిప్స్, బ్లడ్స్ ముఠాలు కూర్చుని సంధి రాసుకున్నాయి. దేన్ని చూసి రాసుకున్నారో తెలుసా? 1949లో ఈజిప్ట్, ఇజ్రాయెల్ మధ్య కుదిరిన యుద్ధ విరమణ ఒప్పందాన్ని. అది కుదిర్చినాయన రాల్ఫ్ బంచ్, నోబెల్ శాంతి బహుమతి పొందిన నల్లజాతి మనిషి, చదివింది అదే లాస్ ఏంజెలెస్ బళ్లో. ఆ వీధి కుర్రాళ్లు దౌత్య పత్రం వెతికి తెచ్చుకుని, తమ పేర్లు రాసుకుని, అమల్లో పెట్టారు. సినిమా తీసేవాళ్లకి ఇంతకన్నా మంచి సీను ఏం కావాలి?

ఆఖరి చీటీ. "మన వైజాగ్ మీద ఇలాంటి డాక్యుమెంటరీ తియ్యాలంటే ఎవరితో మొదలుపెట్టాలి?" రౌడీషీటర్‌తో మాత్రం మొదలుపెట్టకండి. వాడు కెమెరా చూడగానే డైలాగులు చెప్తాడు. స్టీల్‌ప్లాంట్‌కి భూమిచ్చి, నిర్వాసితులకిచ్చే ఆర్ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం తిరిగిన ఇంటి దగ్గరికి వెళ్లండి, జూట్ మిల్లు గేటు వాచ్‌మన్‌ని వెతకండి, స్టేషన్లో షీట్లు రాసి రిటైరైన రైటర్‌ని పట్టుకోండి. ఆ తర్వాత నేను చెప్పిన డెలివరీ కుర్రాడికి ఒక అన్న ఉన్నాడు, అదే ఇంట్లో పెరిగాడు, ఆటో నడుపుతాడు, ఇంతవరకు ఒక్క కేసు లేదు. అతన్ని అడగండి. కెమెరా ఉన్నవాళ్లు కిందకొచ్చాక నన్ను కలిస్తే నంబరు కనుక్కుంటాను, ఒప్పుకుంటాడో లేదో మాత్రం ముందు వాళ్లమ్మని అడగాలి.